వెళ్తున్నామేమో

ఆ వీధిలో అతన్ని అందరూ పళ్ళాయన అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మాట విని సంచీ పట్టుకుని అరటిపళ్ళ కోసం రావడం, ముందుగదిలో బల్ల మీద వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్న దవడల్ని చూసి సంచీ మడిచి వెనక్కి పోవడం అప్పుడప్పుడూ జరిగేదే. అతను కట్టుడు పళ్ళు చేస్తాడు. ఊళ్ళో పళ్ళ డాక్టరు మనిషి నోటికి అచ్చు తీసి పంపిస్తాడు. దాన్నిబట్టి ప్లాస్టరు దవడ పోసి, మీద మైనం పరిచి, మైనంలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, చివరికి మైనం కరిగించి తీసేసి, ఆ జాగాలో గులాబీ రంగు చిగురు ఉడికించి గట్టిపరిచేది ఇతను. డాక్టరు పేరు బోర్డు మీద ఉంటుంది, నా పని జనం నోట్లో ఉంటుంది అని అతనే అంటుంటాడు. ఎవరూ నవ్వకపోయినా అంటుంటాడు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. మైనంలో పళ్ళు నిలబెట్టాక, గట్టిపరచకముందు, మనిషిని పిలిచి ఆ మైనపు సెట్టు నోట్లో పెట్టి చూడాలి. అద్దం చేతికిచ్చి, నవ్వమని, నాలుగు మాటలు మాట్లాడమని, ఎలా ఉందో అడగాలి. ఒకసారి గట్టిపడ్డాక మార్చడానికి ఉండదు కాబట్టి ఇది పళ్ళు కట్టేవాళ్ళందరూ చేసేదే. అందరూ ఒకసారి చేస్తారు, మహా అయితే రెండుసార్లు. ఇతను మాత్రం మనిషికి విసుగెత్తి, "ఇక చాల్లే బాబూ, ఇవే పెట్టేయ్, తినడానికేగా" అనేదాకా చేస్తాడు. కూతురి పెళ్ళిలో నవ్వాలని పళ్ళకి ఇచ్చిన ఒకాయన చివరికి మనవరాలి పుట్టినరోజుకి నవ్వాడు.

ఇంత నాన్చుడు మనిషికి చకచకా తేల్చేసే పెళ్ళాం దొరికితే బండి నడిచిపోయేది. కానీ గంతకు తగ్గ బొంత అన్నట్టు, అతని భార్యది నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం. కుళాయి రాలేదని, వచ్చినా బురద వచ్చిందని ఊరు తిట్టే తిట్లన్నీ ముందు ఆవిడ చెవిలో పడతాయి. ఆవిడ అంతా విని, "మీ ఇబ్బంది అర్థమైందండీ, పరిశీలిస్తాం" అంటుంది. ఆ గొంతు ఎంత చల్లగా ఉంటుందంటే, తిట్టడానికి ఫోను చేసినవాడు థాంక్స్ చెప్పి మరీ పెట్టేస్తాడు. నీళ్ళు మాత్రం రావు. ఆ గొంతులో అవునూ ఉండదు, కాదూ ఉండదు. ఏళ్ళ తరబడి వాడీవాడీ ఆవిడ ఆ గొంతును ఇంటికి కూడా తెచ్చేసింది. కూరలో ఉప్పెక్కువైందా అని అతను అడిగితే "పరిశీలిద్దాం" అన్న మనిషి ఆవిడ.

వాళ్ళ ముందుగది గోడ చూస్తే ఆ కాపురం మొత్తం అర్థమైపోతుంది. ఎప్పుడో రంగులు వేసే మనిషి వచ్చి, ఎంచుకోమని మూడు రంగులు మూడు పట్టీలుగా పూసి వెళ్ళాడు. నీకు నచ్చింది చెప్పు అని అతనూ, మీకు నచ్చిందే వేయిద్దాం అని ఆవిడా అనుకుంటూ ఉండగానే ఆ రంగులు వేసే మనిషి వయసుడిగి పని మానేశాడు. పట్టీలు అలాగే ఉన్నాయి. వచ్చినవాళ్ళు అదేదో కొత్త ఫ్యాషననుకుని బాగుందంటారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, గొడవంతా అక్కడే వచ్చింది. తన ఇష్టం ముందు బయటపెడితే రెండోవాళ్ళు తమ ఇష్టం మింగేస్తారేమోనని భయపడి, ఇద్దరూ కలిసి రెండు ఇష్టాల్నీ మింగేసేవారు.

ఇలాంటి ఇంట్లోకి ఒకరోజు పెద్ద నగరం నుంచి కబురొచ్చింది. అక్కడి నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగానికి ఆవిడని అధికారిగా వేశారు. తనకంటూ ఒక గది, చేతికింద మనుషులు. అన్నిటికన్నా ముఖ్యం, ఫిర్యాదు వచ్చిన ఇంటికి అప్పటికప్పుడు మనిషిని పంపించే అధికారం. నెలాఖరు సోమవారంలోగా వచ్చి చేరాలి. చేరకపోతే తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు.

ఆవిడ బట్టలు మడతపెడుతూ ఈ సంగతి చెప్పింది. చెప్పిన గొంతు ఆఫీసుదే.

"అక్కడ పోస్టు వచ్చిందండీ. వెళ్ళాలో వద్దో చూడాలి."

"చూద్దాం. నీ ఇష్టం."

"నాదేముంది, మీ ఇష్టం."

ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో ఈ రెండు ముక్కలే అటూ ఇటూ తిరిగాయి. పొద్దున్న టీ దగ్గర ఒకసారి, సాయంత్రం బల్ల తుడిచేటప్పుడు ఒకసారి. ఇద్దరూ పేచీ పడింది లేదు, ఒప్పందానికి వచ్చిందీ లేదు.

నిజానికి పళ్ళాయనకి వెళ్ళడం సుతరామూ ఇష్టం లేదు. ఆ నగరంలో పళ్ళు కట్టే పెద్ద వర్క్‌షాపు ఒకటి ఉందని, పని సిద్ధంగా ఉందని తోడల్లుడు కనుక్కుని చెప్పాడు. అక్కడ దవడలు అట్టపెట్టెల్లో అంకె వేసుకుని వస్తాయట, అంకె వేసుకునే పోతాయట. మనిషి మొహం కనపడదు. ఇక్కడైతే అతను సాయంత్రం వీధిలో నడుస్తుంటే ఎదురుగా తన పనే నవ్వుతూ వస్తుంది. కాఫీ హోటలు ముందు ఒక పైవరస, మందుల షాపులో ఒక పూర్తి సెట్టు, బస్టాపులో రెండు ముందుపళ్ళు. మనుషుల పేర్లు మర్చిపోతాడు కానీ నోళ్ళు మర్చిపోడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరికే అనలేదనీ, ఈ ఊరి నోరు తన చేతిలో ఉందనీ అతని నమ్మకం. తను వెళ్ళిపోతే ఈ ఊరు నమలడం ఎలాగన్నది అతని దిగులు. ఆ మాట పెళ్ళాంతో అనలేడు. అంటే ఆవిడ మారుమాట లేకుండా పోస్టు వదులుకుంటుందని అతనికి తెలుసు.

మధ్యలో నగరం నుంచి మరదలు ఫోను.

"బావా, మీకోసం ఇల్లు చూసిపెట్టాం. మీరిద్దరూ గోడమీద పిల్లుల్లా కూర్చుంటే ఇంటాయన ఆగడు. వస్తున్నారా, లేదా?"

"మీ అక్కని అడగమ్మా."

"అక్క మిమ్మల్ని అడగమంది."

"అలాగా. అయితే ఇద్దరం కూర్చుని అడుగుతాం."

"ఎవర్ని బావా?"

అతను లైను సరిగా లేదని పెట్టేశాడు.

చివరికి ఆ సంగతి తేల్చింది మంగలి షాపు. గడ్డం గీయించుకుంటూ పళ్ళాయన, ఏదో మాటల్లో, "వెళ్తున్నామేమో" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట షాపు గడప దాటి వీధి చివరికి వెళ్ళేలోపు 'ఏమో' ఎక్కడో రాలిపోయింది. సాయంత్రానికి పక్కింటి వదిన వచ్చి, వెళ్తున్నారట కదా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టారు వచ్చి భుజం తట్టాడు. ఇతను ఆవిడ చెప్పిందేమో అనుకున్నాడు. ఆవిడ ఇతను చెప్పాడనుకుంది. వెళ్ళాలని మీకింత ఉందని నాకు తెలీదని ఎవరూ ఎవరితోనూ అనలేదు. మరదలు రైలు టిక్కెట్లు తీసేసింది.

వీధివాళ్ళు వీడ్కోలు సభ కూడా పెట్టారు. హెడ్మాస్టారు పైవరస, కిందివరస రెండూ పళ్ళాయన కట్టినవే. ఆయన వాటితోనే అరగంట ఉపన్యాసమిచ్చాడు. ఇలాంటి మనిషి ఈ ఊరికి మళ్ళీ దొరకడన్నాడు. ఒక ఫ్లాస్కు, ఒక దుప్పటి, ఒక గోడగడియారం ఇచ్చి పంపారు. రైలు తెల్లవారుజామునే కాబట్టి మళ్ళీ లేచి రావద్దని, ఇప్పుడే సెలవు తీసుకుంటున్నామని ఇద్దరూ అందరికీ దణ్ణాలు పెట్టారు. సామాను తర్వాత లారీలో తెప్పించుకోవచ్చని, ముందు ఒక పెట్టె, రెండు సంచులతో బయల్దేరాలని ఏర్పాటు.

తెల్లవారుజామైంది. టాక్సీ వచ్చి హారను కొట్టింది. పళ్ళాయన పెట్టె మూత నొక్కడానికని దానిమీద కూర్చున్నాడు. ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆవిడ పద అంటే లేద్దామని అతను. అతను లేస్తే తలుపు తీద్దామని ఆవిడ. టాక్సీవాడు ఫోను చేశాడు. ఒక్క నిమిషం అన్నాడు ఇతను. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఒక్క నిమిషం. మూడోసారి టాక్సీవాడు, "మీ నిమిషం ఎంత పొడుగో చెప్పండి సార్, దాన్నిబట్టి పెట్రోలు పోయించుకుంటాను" అని, వేరే బేరం చూసుకుని పోయాడు. టాక్సీ వెళ్ళిన చప్పుడు ఇద్దరూ విన్నారు. కాసేపటికి దూరంగా రైలు కూత కూడా విన్నారు.

"సరే, చూద్దాం," అంది ఆవిడ ఆఫీసు గొంతుతో, సంచి దించుతూ.

అప్పుడు తెలిసొచ్చింది అసలు చిక్కు. రైలు తప్పితే ఇంకో రైలుంది, శనివారం. జ్వరమొచ్చిందని మరదలికి చెప్పొచ్చు, చెప్పారు కూడా. కానీ వీధికి ఏం చెప్తారు? దుప్పటి కప్పి, గడియారం ఇచ్చి, అరగంట ఉపన్యాసం చెప్పి సాగనంపిన జనానికి పొద్దున్నే ఎదురుపడి పాలు తెచ్చుకోవడానికి మొహం చెల్లొద్దూ! అందుకని వాళ్ళిద్దరూ, లోకంలో ఇంకే ఆలుమగలూ చెయ్యని పని ఒకటి చేశారు. తలుపుకి లోపల్నుంచి తాళం వేసుకుని, తెరలు దించుకుని, తమ ఇంట్లోనే తాము దొంగల్లా దాక్కున్నారు. శనివారం చీకటితోనే ఎవరి కంటా పడకుండా జారుకోవాలని వాళ్ళ పథకం. అప్పటికైనా వెళ్తున్నట్టా కాదా అంటే, అది ఇంకా తేలలేదు.

ఇల్లు ఖాళీగా కనపడాలంటే లోపల ఎంత పని ఉంటుందో అప్పుడే తెలిసింది. కుళాయి సన్నగా తిప్పాలి. తుమ్మొస్తే దిండులో తుమ్మాలి. కుర్చీ జరపకూడదు, ఎత్తి పెట్టాలి. బ్రెడ్డు, బిస్కెట్లు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. బ్రెడ్డు కాల్చుకుంటే వాసన బయటికి పోతుందని పచ్చిదే తిన్నారు. వీధివాళ్ళిచ్చిన ఫ్లాస్కులో టీ పోసుకుని, వీధికి కనపడకుండా తాగారు. ఫ్లాస్కు మంచిదే. మాట్లాడాలంటే గుసగుసే.

బుధవారమో గురువారమో మధ్యాహ్నం, ఇంటి ముందు మెట్ల మీద ఎవరో కూలబడిన చప్పుడైంది. ఆ మెట్లకి మధ్యాహ్నం పూట నీడ ఉంటుంది. ఇల్లు ఖాళీ అయ్యాక వీధికి ఆ నీడ మీద హక్కొచ్చింది. పళ్ళాయన తెర పక్కనుంచి చూశాడు. హెడ్మాస్టారు, పక్కింటి వదిన. ఆలుమగలిద్దరూ తలుపు వెనక్కి చేరి ఊపిరి బిగబట్టారు. పోయినవాళ్ళ గురించి ఉన్నవాళ్ళు ఏమనుకుంటారో వినే అదృష్టం ఎవరికొస్తుంది?

"ఇల్లు బోసిపోయింది మాస్టారూ," అంది వదిన.

"పోయిందమ్మా. మంచివాడు."

పళ్ళాయన గుండె కాస్త ఉబ్బింది.

"మంచివాడే కానీ," అన్నాడు హెడ్మాస్టారు, "పని మాత్రం నాన్చేవాడమ్మా. ఎన్ని తిప్పులు తిప్పాడు నన్ను! ఇంతా చేస్తే ఈ పైవరస మొదట్నుంచీ వదులే. గట్టిగా మాట్లాడితే జారుతుంది. ఉపన్యాసం చెప్తున్నంతసేపూ నాలికతో పట్టుకునే చెప్పాను."

"అయ్యో. మరి ఎప్పుడూ అనలేదేం?"

"ఎలా అంటాం? నొచ్చుకుంటాడు. బజారు వెనక వీధిలో ఇంకొకతను ఉన్నాడు, బిగుతుగా కడతాడట, వారంలో ఇచ్చేస్తాడట. ఇతను ఉండగా అక్కడికెళ్తే బాగుండదని ఆగాను. ఇప్పుడా బాధ లేదు. నిన్ననే అచ్చు ఇచ్చొచ్చాను."

తలుపు వెనక పళ్ళాయన గోడకి ఆనుకున్నాడు. తను లేకపోతే ఊరు నమలలేదని ఇన్ని రోజులు దిగులు పడ్డాడు. ఊరు నాలుగు రోజులు తిరక్కుండానే వేరే చేతికి ఆర్డరిచ్చేసింది. అతనికి చాలా బాధేసింది. ఇందులో దాచాల్సిందేమీ లేదు, బిస్కెట్టు చేతిలో పట్టుకుని, తను పళ్ళు కట్టిన నోళ్ళన్నీ ఒకేసారి తనని చూసి నవ్వినట్టు తల దించుకున్నాడు.

కానీ వదిన ఇంకా ముగించలేదు.

"నాకైతే ఆవిడ వెళ్ళినందుకే సంతోషం మాస్టారూ. పాపం, ఎప్పుడో వెళ్ళాల్సిన మనిషి. చాలా ఏళ్ళ కిందట కూడా ఇలాంటి పోస్టే ఇచ్చారు తనకి. ఆయన మొహం చూసి వద్దని రాసిచ్చేసింది. ఇంట్లో మాత్రం వేరేవాళ్ళకి ఇచ్చేశారని చెప్పిందట. గోడ దగ్గర నిలబడి నాతో చెప్పుకుని ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దంది, నేనూ ఎవరికీ చెప్పలేదు."

"నాకిప్పుడు చెప్పావుగా అమ్మా."

"వెళ్ళిపోయారు కదా, ఇంకేముంది."

పళ్ళాయన తలెత్తి భార్యని చూశాడు. ఆవిడ నేల చూస్తోంది. ఆ ఏడాది అతనికి గుర్తుంది. పోస్టు చేజారిందట, పోనీలెండి అని ఆవిడ అంటే, ఆ రోజు సాయంత్రం అతను లోలోపల ఎగిరి గంతేసినంత పని చేశాడు. పైకి మాత్రం ఓదార్చాడు.

"నిజమేనా?" అన్నాడు గుసగుసగా.

ఆవిడ నోరు తెరిచింది. ఆఫీసు గొంతు తీయబోయింది. కానీ గుసగుసలో ఆ గొంతు పలకదు. చల్లదనం, మెత్తదనం అన్నీ గొంతులో ఉండేవే. గుసగుసకి గొంతు ఉండదు, ఉత్త గాలే. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నాలుగు రోజుల్లోనే ఆవిడ ఏ పూతా లేకుండా మాట్లాడుతోందని పళ్ళాయనకి అప్పుడు తట్టింది.

"నిజమే," అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే సరే అనేవారు."

"మంచిదేగా."

"మొహం వేలాడేసుకుని అనేవారు. అక్కడికెళ్ళాక రోజూ ఆ మొహం చూడాలి నేను. ఇక్కడే ఉంటే వేలాడేది నా మొహమేగా, అది నాకు కనపడదు."

పళ్ళాయన ఆవిడ మొహంలోకి చూశాడు. కనపడాల్సింది తనకే. ఊళ్ళో అందరి నోళ్ళూ గుర్తుపెట్టుకున్నవాడు ఈ ఒక్క మొహం సరిగా చూడలేదు.

"ఇప్పుడు చెప్పు. వెళ్ళాలని ఉందా?"

"ఉంది."

"ఎంత?"

"చాలా ఉందండీ." ఆవిడ కళ్ళు నిండాయి. "ఒక ముసలావిడ ఫోను చేసేది. మూడో అంతస్తు, నీళ్ళు ఎక్కవు. రోజూ చేసేది, రోజూ పరిశీలిస్తామనేదాన్ని. నాకు మనిషిని పంపించే అధికారం లేదు కదా, పైకి చెప్పేదాన్ని, పైవాళ్ళు కాగితం మీద పెట్టేవాళ్ళు. ఒకరోజు నుంచి ఫోను రాలేదు. నీళ్ళొచ్చాయి కాబోలనుకున్నాను. నీళ్ళు రాలేదు, ఆవిడే పోయింది. నాకు ఎవరో ఒకరింటికి, నా మాట మీద, ఒక మనిషిని పంపించాలని ఉంది. అంతకన్నా ఏం లేదు."

"మరి మొన్న టాక్సీ వచ్చినప్పుడు పద అని ఎందుకనలేదు?"

"మీరు పెట్టె మీద కూర్చున్నారు. లేవలేదు. లేవడం ఇష్టం లేదనుకున్నాను."

"ఇష్టం లేదు," అన్నాడు పళ్ళాయన.

అన్నాక అతనే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట ఆ ఇంట్లో మొదటిసారి బయటికొచ్చింది.

"అయితే..." అంది ఆవిడ.

"ఆగు, పూర్తిగా చెప్పనీ. నాకు రావాలని లేదు. భయంగా ఉంది. అక్కడ నన్నెవరూ పళ్ళాయన అనరు. పెట్టెలో దవడ వస్తుంది, పెట్టెలో పోతుంది. నేను దేనికి పనికొస్తానో నాకే తెలియదు. ఇక్కడ కూడా అంతంతమాత్రమేనని ఇందాకే తెలిసిందనుకో. అయినా రావాలని లేదు. కానీ నువ్వు ఈసారి కూడా ఆగిపోతే నేను తట్టుకోలేను. వస్తాను. ఏడుస్తూ వస్తాను. నవ్వుతూ మాత్రం రమ్మనకు, అదొక్కటి నా వల్ల కాదు."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏడవండి," అంది. "కావల్సినంత ఏడవండి. నేను వద్దనను."

అని, ఎందుకో ఏమో, ఫక్కున నవ్వింది. అది గుసగుస నవ్వు కాదు. కడుపులోంచి వచ్చిన నవ్వు, నిండు గొంతుతో, మధ్యాహ్నం పూట, తాళం వేసిన ఖాళీ ఇంట్లోంచి.

బయట మెట్ల మీద హెడ్మాస్టారు లేచిన చప్పుడు. "దొంగలు! ఇంట్లో దొంగలు!" అని ఆయన ఉన్న శక్తంతా కూడదీసుకుని అరిచాడు. రెండో 'దొంగలు' సగంలో ఏదో ఠక్కుమని మెట్ల మీద పడింది. ఆ చప్పుడు ఏమిటో వదినకి తెలియదు. తలుపు వెనక ఉన్న మనిషికి తెలుసు. అతను ఇంకేమీ ఆలోచించలేదు, జీవితంలో బహుశా మొదటిసారి. తాళం తిప్పి, తలుపు బార్లా తెరిచి, మెట్టు మీద పడ్డ పైవరస పగలకుండా ఉందో లేదో చూడ్డానికి వంగాడు.

అప్పటికే నలుగురూ పోగయ్యారు. గొడుగు ఎత్తి పట్టుకున్న హెడ్మాస్టారు ఎత్తినట్టే ఉండిపోయాడు. పై పెదవి లోపలికి పోయి ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది.

"మీరు ఊరెళ్ళలేదా?" అంది వదిన.

"వెళ్ళాం... అంటే, ఒకరకంగా..." అని మొదలెట్టాడు పళ్ళాయన, పళ్ళు రుమాలుతో తుడుస్తూ.

"వెళ్ళలేదు వదినా," అంది వెనకనుంచి భార్య. ఆ గొంతులో చల్లదనం లేదు, కాస్త బొంగురుగా ఉంది. "రైలు తప్పింది. మొహం చెల్లక లోపల కూర్చున్నాం. శనివారం వెళ్తున్నాం. నాకు వెళ్ళాలని ఉంది. ఈయనకి లేదు. అయినా వస్తున్నారు."

ఇంత తిన్నగా ఉన్న మాటకి ఏం బదులు చెప్పాలో వీధికి తెలియలేదు. వదిన, "ఫ్లాస్కు బాగా పనిచేస్తోందా?" అని అడిగింది. బాగా పనిచేస్తోందని ఆవిడ చెప్పింది.

పళ్ళాయన పళ్ళను వెలుగులో పట్టుకుని తిప్పి చూశాడు. వదులు వదులే. ఎక్కడ వదులో చూడగానే తెలిసింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం మాస్టారూ?"

"విన్నావా?" అన్నాడు హెడ్మాస్టారు. పళ్ళు లేక ఆ మాట గాలిలా వచ్చింది.

"విన్నాను."

"అంతా?"

"అంతా. వెనక వీధి అతను మంచి పనివాడే, నాకు తెలుసు. కొత్తవి వేసుకోండి. అవి వచ్చేదాకా ఇవి పట్టుగా ఉండాలిగా, కూర్చోండి."

బల్ల దగ్గర దీపం వెలిగించి, లోపలివైపు కాస్త పూత వేసి సరిచేసి, ఆయన నోట్లో పెట్టి, ఇక తీయలేదు. ఎలా ఉందని కూడా అడగలేదు. హెడ్మాస్టారు నోరు రెండుసార్లు తెరిచి మూసి, అతని చెయ్యి పట్టుకున్నాడు.

శనివారం పట్టపగలే, అందరూ చూస్తుండగానే వెళ్ళారు. దొంగచాటుగా వెళ్ళాల్సిన పని ఇక లేకపోయింది కాబట్టి పగటి రైలుకి టిక్కెట్లు మార్పించుకున్నారు. రెండోసారి సభ ఎవరూ పెట్టలేదు, పెట్టరు కూడా. వదిన గేటు దగ్గర నిలబడింది. హెడ్మాస్టారు స్టేషను దాకా వచ్చి, పెట్టె ఎక్కించి వెళ్ళాడు.

రైలు కదలకముందే పళ్ళాయన ఏడవడం మొదలుపెట్టాడు. మాట ఇచ్చినట్టే ఏడ్చాడు, దాపరికం లేకుండా. ఊరి చివరి ఇళ్ళు, ఆ తర్వాత గోడౌన్లు, ఆ తర్వాత ఉత్త పొలాలు వెళ్ళిపోతుంటే వాటన్నిటికీ ఏడ్చాడు. ఎదురు సీటులో ఒక పెద్దాయన పేపరు మడిచి, గొంతు తగ్గించి ఆవిడని అడిగాడు.

"ఇంట్లో ఎవరైనా పోయారా అమ్మా?"

"ఎవరూ పోలేదండీ. ఊరు మారుతున్నాం. ఈయనకి బాధ, నాకు సంతోషం."

పెద్దాయన ఒకసారి అటూ, ఒకసారి ఇటూ చూసి, మళ్ళీ పేపరు తెరుచుకున్నాడు.

ఆవిడ అతన్ని ఊరుకోబెట్టలేదు. ఇన్నేళ్ళ అలవాటు, అతని కళ్ళు తడిస్తే తన మొహం కూడా దానికి తగ్గట్టు దించేసుకునేది. ఈసారి దించలేదు. కిటికీలోంచి గాలి కొడుతుంటే ఆవిడ మొహం విచ్చుకునే ఉంది. పళ్ళాయన ఏడుపు మధ్యలో అది చూశాడు. ఆ మొహం మీద తన దిగులు ఇంత కూడా అంటుకోలేదు. అతనికి అసూయ వేసింది, వెంటనే ప్రాణం కుదుటపడింది, అయినా ఏడుపు ఆగలేదు.

"నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పనా?" అంది ఆవిడ.

అతను రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

"చెప్పు."

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. గది గురించి, చేతికింది మనుషుల గురించి, మొదటి రోజు ఏం చేస్తుందో దాని గురించి. చాలాసేపు చెప్పింది. అతను ఏడుస్తూనే అంతా విన్నాడు, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగాడు.